బల్ల మీది సీఎన్‌సీ కొనబోయే మేనల్లుడికి

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన మూడు సీఎన్‌సీ యంత్రాల, అంటే కంప్యూటరు ఆజ్ఞలతో కోసే యంత్రాల, ఫొటోలూ వివరాలూ చూశాను. వాటిలో ఏది కొనమంటావని అడిగావు గాని, దానితో ఏమి కోయదలచావో ఒక్క ముక్క కూడా రాయలేదు. అక్క ఫోనులో చెప్పినదానిని బట్టి, ఉదయగిరిలోనే ఉండి చెక్క ట్రేలు, పేరు పలకలు, నగల పెట్టెలు చేసి అమ్మాలనీ, వీలైతే ఇత్తడి అచ్చులు, అల్యూమినియం బిళ్లలు కూడా చెక్కాలనీ నీ ఆలోచన అని తెలిసింది. మీ ఊరి చెక్క చెంచాలను మాత్రం దీనితో చేయాలని చూడవద్దు. వాటికి పేరు వచ్చిందే చేతిపని వల్ల, పైగా ఆ వంపుల కోసం యంత్రంలో చెక్కను అటూ ఇటూ తిప్పి బిగించే సమయంలో మీ వీధిలోని పనివారు నాలుగు చెంచాలు తీస్తారు.

నీవు పంపిన మూడింటిలో ఒకటి మిల్లింగ్ యంత్రం, మిగిలిన రెండూ రౌటర్లు. పోత ఇనుముతో చేసిన మిల్లింగ్ యంత్రం నెమ్మదిగా తిరుగుతూ బలంగా కోస్తుంది. పది మిల్లీమీటర్ల హైస్పీడ్ స్టీలు కట్టరుతో మెత్తని ఇనుము కోయాలంటే నిమిషానికి సుమారు 800 చుట్లు చాలు. రౌటరులో కట్టరును తిప్పే స్పిండిలు 24,000 చుట్ల దాకా పరుగెత్తుతుంది కాని, 800 చుట్లకు దించితే దానిలో కోసే సత్తువ మిగలదు. చెక్కకు కావలసింది ఆ పరుగే. నీ పనిలో పదింట తొమ్మిది వంతులు చెక్కే కనుక మిల్లింగ్ యంత్రాన్ని పక్కన పెట్టు. ఇత్తడినీ అల్యూమినియాన్నీ గట్టి రౌటరు మీద, ఒకే అంచు ఉన్న కార్బైడు కట్టరుతో, ఒక్కో పొర మిల్లీమీటరులో మూడో వంతుకు మించకుండా కోయవచ్చు. అల్యూమినియానికి కుంచెతో కొద్దిగా కిరోసిన్ తడిపితే చాలు, ఇత్తడిని పొడిగానే కోసుకోవచ్చు.

ఇక నీకు బాగా నచ్చినట్టు కనిపిస్తున్న ఆ చవక యంత్రం సంగతి. 300 మిల్లీమీటర్ల పొడవు, 180 వెడల్పు అని 3018 పేరుతో అమ్మే రకాన్నే నేనూ మొదట ఫొటో చూసి కొన్నాను. పెట్టె విప్పిన రోజు పండుగలా గడిచింది. మరునాడు టేకు పలకలో 50 మిల్లీమీటర్ల వృత్తం కోసి వెర్నియరుతో కొలిస్తే ఒక వైపు 50.0, అడ్డంగా 49.6 వచ్చింది. అమ్మినవారికి ఫోను చేస్తే సాఫ్ట్‌వేరు మార్చుకోమన్నారు. నేను వారం రోజులు కంప్యూటరుతో కుస్తీ పట్టిన తరువాత గాని అసలు తప్పు స్క్రూ మీద నడిచే ఇత్తడి నట్టులోని ప్లే (వదులు) అని తెలియలేదు. నట్టు మార్చాక గుండ్రతనం కొంత కుదిరింది గాని, స్పిండిలును మోసే వంతెనకు (గ్యాంట్రీ) పక్క పలకలు బేకలైటు అనే ప్లాస్టిక్కువి కావడంతో కట్టరు కాస్త లోతుకు దిగితే చాలు, మొత్తం వంతెన వెనక్కు వాలేది. దానికి మందు లేకపోయింది. యంత్రాన్ని నడిపే కంట్రోలరు బోర్డు, మోటార్లు, చివరకు స్పిండిలు కూడా ఎప్పుడైనా మార్చుకోవచ్చు గాని, చట్రం బలహీనమైతే దాని మీద ఎంత ఖర్చు పెట్టినా దండగే. అందుచేత నీ డబ్బు ముందుగా ఇనుముకూ మందపాటి అల్యూమినియానికీ పోవాలి.

చట్రంలో చూడవలసినవి ఇవి. రెండు చివర్లలో మాత్రమే ఆనుకున్న గుండ్రటి కడ్డీలు మధ్యలో వంగుతాయి, కాబట్టి పొడవునా మంచానికి, అంటే యంత్రం అడుగు బల్లకు, బిగించిన చదరపు గైడ్ రైళ్లు (కదిలే భాగం నడిచే పట్టాలు) ఉన్నదే చూడు. స్క్రూలు నట్టులో ఉక్కు గుండ్లు ఉండే 1605 రకం బాల్ స్క్రూలైతే, అంటే 16 మిల్లీమీటర్ల లావు, చుట్టుకు 5 మిల్లీమీటర్ల జరుగుడు ఉన్నవైతే, ఇత్తడి నట్టు బాధ ఉండదు. మోటార్లు 57 మిల్లీమీటర్ల ముఖం ఉన్న నెమా 23 రకానివి కావాలి. పెద్ద మంచానికి ఆశపడవద్దు. ఒకే మందం దూలం పొడవు రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది గనుక, అదే ధరకు దొరికే చిన్న యంత్రమే ఎక్కువ గట్టిగా ఉంటుంది. నీ ట్రేలలో పెద్దది అడుగున్నరకు మించదని అక్క చెప్పింది. 600 × 400 మంచం నీకు ధారాళంగా సరిపోతుంది.

అంగడికి వెళ్లినప్పుడు వారు చూపే నెమలి బొమ్మ, వినాయకుడి బొమ్మ చూసి మురిసిపోవద్దు. సన్నని కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్‌ను అయస్కాంతం స్టాండుతో మంచం మీద నిలిపి, దాని కొనను స్పిండిలు ముక్కుకు ఆనించి, స్పిండిలును బొటనవేలితో గట్టిగా నెట్టు. నా పాత యంత్రంలో ముల్లు 0.3 మిల్లీమీటర్లు దాటింది. ఇప్పుడు వాడుతున్నదానిలో 0.05 దగ్గర ఆగుతుంది. తరువాత స్పిండిలును ఒక వైపుకు ఒక మిల్లీమీటరు జరిపి, డయల్‌ను సున్నాకు తెచ్చి, 0.1 వెనక్కు రమ్మని ఆజ్ఞ ఇవ్వు. ముల్లు 0.04 మాత్రమే కదిలితే మిగిలిన 0.06 ప్లే అన్నమాట. ఆఖరున ఒక పలక మీద 300 × 400 దీర్ఘచతురస్రం గీయించి, మూల నుంచి మూలకు టేపు పట్టు. రెండు వైపులా సరిగ్గా 500 రావాలి. పునాది గీతకు మేస్త్రీలు పట్టే మూలమట్టం లెక్కే ఇది. ఇవేవీ చేయనివ్వని అంగడివాడి దగ్గర బయానా ఇవ్వవద్దు.

స్పిండిలు 800 వాట్లదైతే చెక్కకు సరిపోతుంది గాని, కట్టరును బిగించే దాని ఈఆర్ 11 కొలెట్ ఏడు మిల్లీమీటర్లకు మించిన కాడను పట్టదు. వీలైతే ఒకటిన్నర కిలోవాట్లది తీసుకో. నీటితో చల్లబరిచే రకం చప్పుడు తక్కువ చేస్తుంది, రోహిణి కార్తెలో కూడా ఒక బక్కెట్టు నీటితో పని జరుగుతుంది. ఇంట్లోని సింగిల్ ఫేజు కరెంటునే వీఎఫ్‌డీ, అంటే స్పిండిలు వేగాన్ని అదుపు చేసే పెట్టె, మూడు ఫేజులుగా మార్చి స్పిండిలుకు ఇస్తుంది గనుక వేరే లైను అక్కరలేదు. అయితే మీ వైపు సాయంత్రాలు వోల్టేజి పడిపోతే వీఎఫ్‌డీ పని మధ్యలో ఆగిపోతుంది, స్పిండిలు నిలిచినా మోటార్లు జరుగుతూనే ఉండి కట్టరును విరగ్గొడతాయి. కాబట్టి ఆ రెండింటినీ కలిపి ఆపే ఏర్పాటు ఉందో లేదో అడుగు. ఎర్తు గుంత కొత్తగా తవ్వించి బొగ్గు, ఉప్పు వేయించు. ఈ ఒక్కదానిలో మాత్రం పొదుపు చూడవద్దు.

కంట్రోలరు గురించి ఎక్కువ ఆలోచించకు. జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేరు నడిచే బోర్డు అయితే నేర్చుకోవడం తేలిక.

చేతిలో ఉన్న డబ్బంతా యంత్రానికే పోయకు, మూడో వంతు పక్కన పెట్టు. కట్టర్లు, కొలెట్లు, బిగించే క్లాంపులు, దుమ్ము లాగే యంత్రం అన్నీ ఆ వంతులోనే రావాలి. మొదటి నెలలో కట్టర్లు విరగడం ఖాయం. అందరూ భయపడి నెమ్మదిగా నడుపుతారు గాని, రెండంచుల కట్టరు 18,000 చుట్లతో, అంచుకు 0.05 మిల్లీమీటరు చొప్పున చెక్క తీయాలంటే నిమిషానికి 1,800 మిల్లీమీటర్లు జరగాలి. 400 దగ్గర నడిపితే అది కోయక రాసుకుంటుంది, చెక్క నల్లబడి కాలిన వాసన వస్తుంది. యంత్రం కింద వేయడానికి చీమకుర్తిలో పాలిషు చేసి మిగిలిన గ్రానైటు ముక్క ఒకటి కొనుక్కో. దాని బరువుకు యంత్రం అదరదు.

నీవు పంపినవాటిలో మూడోది, అంటే నలుపు రంగు చట్రంతో ఉన్న 600 × 400 రౌటరు, ఫొటోలో నాకు సరిగ్గానే కనిపిస్తున్నది. కానీ రైళ్లు గ్యాంట్రీ దూలానికి ఎలా బిగించారో ఆ ఫొటోలో తెలియడం లేదు. నెల్లూరులో అంగడికి ఇద్దరం కలిసి వెళదాం. డయల్ గేజ్, స్టాండు నేను తెస్తాను. నీవు ట్రేలకు వాడే చెక్కలోనే అడుగు పొడవు ముక్క ఒకటి, ముడి ఉన్నది చూసి సంచిలో వేసుకుని రా.

ఆశీస్సులతో,
మామయ్య