లడాఖ్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన అధ్యాయాలన్నీ చదివాను. చేయి తిరుగుతోంది, చదివిస్తున్నావు. కానీ 1962 చైనా యుద్ధంతో మొదలుపెట్టి 2020 గల్వాన్ ఘర్షణతో ముగించావు, మధ్యలో అంతా జవాన్లూ ప్రధానమంత్రులే. అక్కడ జనం కూడా బతికారన్న సంగతి తెలియకుండానే పుస్తకం అయిపోతోంది. నా మాట విని ఆ సరిహద్దు గీతను కాసేపు పక్కన పెట్టు, ముందు నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడు.

మ్యాప్ ముందేసుకుని కూర్చో. గల్వాన్ నది అక్సాయ్ చిన్ వైపు నుంచి (మనది అని మనమంటున్న, చైనా చేతిలో ఉన్న పీఠభూమి) పడమరకు వచ్చి ష్యోక్ నదిలో కలుస్తుంది, ష్యోక్ పోయి సింధులో కలుస్తుంది. కారాకాష్ నది మాత్రం ఉత్తరానికి పారి, ఇప్పుడు చైనాలో ఉన్న ఖోతాన్ వైపు ఎడారిలోకి పోతుంది. ఇది బుర్రకెక్కితే మనకూ చైనాకూ ఉన్న సరిహద్దు తగాదా సగం అర్థమైనట్టే. 1865లో జాన్సన్ అనే సర్వేయర్ ఖోతాన్ దాకా వెళ్ళొచ్చాక తయారైన మ్యాప్ అక్సాయ్ చిన్‌ను కశ్మీర్ రాజ్యంలో చూపించింది. 1899లో అదే బ్రిటిష్ వాళ్ళు, సింధులోకి పారే నీళ్ళనూ ఉత్తరానికి పారే నీళ్ళనూ విడదీసే మిట్టల వెంబడి ఇంకో గీత ప్రతిపాదించి, అక్సాయ్ చిన్‌లో చాలా భాగం చైనాకు వదిలేశారు. చైనా జవాబే ఇవ్వలేదు. మన మ్యాపుల్లో కూడా 1954 దాకా అక్కడ సరిహద్దు ఖరారు కాలేదనే ఉండేది. ఇవేవీ దాచకు. ఇవన్నీ చెప్పినవాడు, 1957కల్లా చైనా చడీచప్పుడు కాకుండా అక్కడ రోడ్డు వేసేసిందని రాస్తే ఎవరైనా నమ్ముతారు.

అన్నట్టు, ప్రతి పేజీలో మంచు కురిపించావు. లడాఖ్ ముఖ్యపట్టణం లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసేది పది సెంటీమీటర్ల చిల్లర, మన అనంతపురం వానలో ఐదో వంతు. అది ఎడారి. దుమ్ము రాయి, ఎండ రాయి, ఊపిరి అందకపోవడం రాయి.

చరిత్రను మేకతో మొదలుపెట్టు. నిజంగానే చెబుతున్నా. లడాఖ్ తూర్పున టిబెట్ దాకా పరుచుకున్న చాంగ్‌థాంగ్ పీఠభూమి చలికి మేక ఒంటి మీద పై బొచ్చు కింద మెత్తటి నూగు పెరుగుతుంది, చలి తగ్గాక చాంగ్‌పా కాపరులు దాన్ని దువ్వెనతో దువ్వి తీస్తారు. అదే పష్మ్, కశ్మీరు శాలువాలకు ప్రాణం. 1684లో టిబెట్‌కీ లడాఖ్‌కీ కుదిరిన తింగ్‌మోస్‌గాంగ్ ఒప్పందంలోనే ఈ ఉన్ని ఎవరికి అమ్మాలన్న షరతు ఉంది. జమ్మూ సేనాని జోరావర్ సింగ్ 1834లో లడాఖ్ మీదికి, 1841లో పశ్చిమ టిబెట్ మీదికి వెళ్ళడం వెనక కూడా ఈ వ్యాపారం ఉంది. ఆ డిసెంబరులో ఆయన సైన్యం చలికి తాళలేక తుపాకుల కర్ర పిడులు కాల్చుకుని కాచుకుంది. వేళ్ళు కొంకర్లు పోయి ఆయుధం పట్టుకోలేని స్థితి. జోరావర్ అక్కడే చనిపోయాడు. మరుసటి ఏడు చుషుల్ ఒప్పందం పేరుతో రాజీ చేసుకుని పాత హద్దులే ఉంటాయని రాసుకున్నారు, ఆ హద్దులు ఎక్కడో మాత్రం రాసుకోలేదు! నీ పుస్తకానికి గుండెకాయ లాంటి ఈ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. నాకైతే బాధేసింది.

1846 అమృత్‌సర్ ఒప్పందంలో బ్రిటిష్ వాళ్ళు 75 లక్షల రూపాయలకు కశ్మీర్‌ను జమ్మూ రాజు గులాబ్ సింగ్‌కు ఇచ్చేసిన సంగతి అందరికీ తెలిసిందే, ఒక పేరా చాలు. దానికన్నా లేహ్ నుంచి కారాకోరం కనుమ మీదుగా, ఇప్పుడు చైనాలో ఉన్న యార్కండ్ పట్టణానికి వెళ్ళిన బిడారుల గురించి రాయి. ఐదున్నర వేల మీటర్ల ఎత్తు, దారి పొడవునా గుర్రాల ఎముకలు. లడాఖ్‌లోని నుబ్రా లోయలో ఇవాళ టూరిస్టులు ఎక్కి ఫోటోలు దిగే రెండు మూపురాల ఒంటెలు ఆ వ్యాపారం ఆగిపోయాక మిగిలినవే. గల్వాన్ నదికి ఆ పేరు వచ్చింది కూడా లేహ్‌కు చెందిన గులాం రసూల్ గల్వాన్ అనే బిడారు మనిషి వల్లే.

మనవాళ్ళకు ఇది ఎక్కడ తగులుతుందో కూడా చెప్పు. అక్టోబరు 21న మన ప్రతి జిల్లాలో పోలీసు అమరవీరుల దినం జరుపుతారు. 1959లో అదే రోజు లడాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు పోయారని ఎంతమందికి గుర్తుంది? 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. ఆయన గురించి నువ్వు ఆవేశంగా రాశావు, రాయాలి కూడా. కానీ ఆ రాళ్ళ లోయ కోసం అంత పట్టుదల దేనికో ఎక్కడా లేదు. ష్యోక్ వెంబడి, కారాకోరం కనుమ దగ్గరి మన సైనిక స్థావరం దౌలత్ బేగ్ ఓల్డీకి వెళ్ళే మన రోడ్డు గల్వాన్ కలిసేచోటు పక్కనుంచే పోతుంది. ఆ గట్లెక్కి కూర్చున్నవాడికి రోడ్డు మీద వెళ్ళే ప్రతి లారీ కనబడుతుంది. అది చెబితే సంతోష్ బాబు ఎందుకు నిలబడ్డాడో పాఠకుడికి నువ్వు విడిగా చెప్పక్కర్లేదు.

నుబ్రా దాటాక ష్యోక్ ఒడ్డున ఉన్న తుర్తుక్ నీ రాతప్రతిలో లేనేలేదు. 1971 డిసెంబరులో ఒక్క రాత్రిలో ఆ బాల్టీ ఊరు పాకిస్తాన్ చేతిలోంచి మన చేతికొచ్చింది. పనికోసం పాకిస్తాన్ వైపున్న స్కర్దూ వెళ్ళినవాళ్ళు అటే ఉండిపోయారు, భార్యాపిల్లలు ఇటు. మిగతాదంతా తర్వాత దిద్దుకోవచ్చు, ముందు ఆ అధ్యాయం రాసి దసరాకల్లా నాకు పంపు. టెన్షన్ పడకు, ఎంత పెద్దదైనా చదువుతాను.

మీ అన్నయ్య