పికప్‌కి క్రాలర్ గేర్లు వేయిస్తే కొండ దారిలో క్లచ్ నిలుస్తుందా?

మీ ఫోర్ బై ఫోర్ పికప్ కొండ తోటకి ఎక్కీ దిగీ క్లచ్ మాడిపోతోంది, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) ఇంకా నెమ్మది గేర్లు, అంటే క్రాలర్ గేర్లు వేయిస్తే ఫలితం ఉంటుందా అని అడిగారు. ఉంటుందండి. నేను వేయించుకున్నాను, 2021 నుంచి వాడుతున్నాను. ఎక్కడానికని వేయించాను గానీ, దాని విలువ నాకు దిగేటప్పుడు తెలిసింది.

మాది శ్రీకాకుళం జిల్లా మందస వైపు. కొండవాలులో జీడితోట ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి చెట్లతో పాటు దారీ పోయింది. ఎర్రమట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలాయి. నా బండి 1.3 ఇంజిన్ జిప్సీ. వెనక సీట్లు తీసేసి పికప్‌లాగే వాడతాను. మూడు బస్తాల పిక్కలు వేస్తాను. మా దగ్గర బస్తా అంటే 80 కిలోలు. లో రేంజ్ (ట్రాన్స్‌ఫర్ కేస్‌లో వేగం తగ్గించి బలం పెంచే గేరు) వేసి ఫస్ట్ గేర్‌లో ఉన్నా సరే, రాయి అడ్డొచ్చిన ప్రతిచోటా క్లచ్ సగం తొక్కి లాగాల్సి వచ్చేది. రెండు సీజన్లకి రెండు క్లచ్ ప్లేట్లు పోయాయి. దిగడమైతే మరీ టెన్షన్. బ్రేకు వదిలితే బండి పరుగు, గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని గులకరాళ్ల మీద జారుడు.

లెక్క చూడండి. జిప్సీ ఫస్ట్ గేర్ రేషియో 3.652, అంటే ఇంజిన్ అన్నిసార్లు తిరిగితే గేర్‌బాక్స్ అవతలి షాఫ్ట్ ఒకసారి తిరుగుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ లో రేంజ్ 2.268. రెండూ గుణిస్తే 8.28. నేను వేయించిన గేర్ల లో రేంజ్ 4.16, అంటే 15.19 అయింది.  అదే ఇంజిన్ వేగానికి బండి ఇంతకు ముందుకన్నా దాదాపు సగం వేగంతో కదులుతుంది, చక్రానికి అందే బలం 1.8 రెట్లు అవుతుంది. ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేస్తే, పక్కన నడిచే మనిషి బండిని దాటి వెళ్లిపోతాడు.

గెడ్డ దాటాక మా దారిలో ఒక దిగుడు ఉంది, నిటారు మెట్టు లాంటిది. మొదటిసారి ఈ గేర్లతో అక్కడ రెండు కాళ్లూ పెడల్స్ మీంచి తీసేసి కూర్చున్నాను. ముందు టైరు రాయి మీదికి ఎక్కి, ఒక క్షణం ఆగినట్టయి, అవతలికి మెల్లగా దిగింది. వెనక టైరూ అంతే. బస్తాలు కట్టిన తాడు కూడా వదులు కాలేదు. ఇంజినే బండిని పట్టుకుని దింపుతోంది. ఆ సీజన్ నుంచి ఇప్పటిదాకా క్లచ్ ప్లేట్ మార్చలేదు.

ఇక మీ పికప్ సంగతి. గేర్లు కొనేముందు అసలు మీ ట్రాన్స్‌ఫర్ కేస్ ఏ రకమో తెలుసుకోవాలి. జిప్సీలో అది గేర్‌బాక్స్‌కి దూరంగా విడిగా ఉంటుంది, లోపల అన్నీ మామూలు గేర్లే. కాబట్టి సెట్ మార్చేయొచ్చు. అమెరికాలో పాత టయోటా పికప్‌లకి 2.28 బదులు 4.7 గేర్లు వేసుకునేదీ ఇలాగే. స్విచ్ తిప్పితే ఫోర్ బై ఫోర్ పడే ఇప్పటి బండ్లలో చాలావాటికి లోపల గొలుసు, ప్లానెటరీ గేర్లు (నడిమి గేరు చుట్టూ తిరిగే చిన్న గేర్లు) ఉంటాయి. వాటిలో రేషియో మార్చడం అంత తేలిక కాదు. అప్పుడు మిగిలే దారి డిఫరెన్షియల్‌లో (యాక్సిల్ మధ్యలో చక్రాలకి బలం పంచే గేర్ల గుండు) క్రౌన్, పినియన్ అనే గేర్ల జత మార్చడం. అదీ ముందు, వెనక రెండింటికీ ఒకే రేషియో పడాలి. తేడా వస్తే ఫోర్ బై ఫోర్ వేయగానే రెండు యాక్సిల్స్ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి.

పని నేను టెక్కలిలో గ్రానైట్ లారీలు బాగుచేసే ఒక మేస్త్రీ దగ్గర చేయించాను. గేర్‌బాక్సులు విప్పి విప్పి చెయ్యి తిరిగిన మనిషి. ప్రొపెల్లర్ షాఫ్టులు (యాక్సిల్స్‌కి బలం తీసుకెళ్లే పొడవాటి కడ్డీలు) విప్పేముందే ఫ్లాంజిల మీద, అంటే బోల్టులు బిగించే అంచుల మీద సుద్దతో గుర్తులు పెట్టించారు, మళ్లీ అదే చోట బిగించడానికి. పెద్ద గేర్ తగలకుండా కేస్ లోపల ఒకచోట కొంచెం గ్రైండ్ చేయాల్సి వచ్చింది. ఆ రజను ఒక్క రేణువు కూడా లోపల మిగలకూడదని డీజిల్‌తో మూడుసార్లు కడిగారు. బేరింగులు, సీల్స్ అన్నీ కొత్తవి తెచ్చాం. కౌంటర్ షాఫ్ట్ చివర ఉండే చిన్న రబ్బరు రింగు ఒక్కటి మాత్రం నేను తేవడం మర్చిపోయాను, పాతదే వేశాం. వారం తిరక్కుండా ఇంటి ముందు నేల మీద రూపాయి బిళ్లంత ఆయిల్ మరక. అంత చిన్న ముక్క కోసం కేస్ మళ్లీ దింపాల్సి వచ్చింది. మీరు ఆ పొరపాటు చేయకండి, విప్పినప్పుడే రబ్బరు వస్తువులన్నీ మార్చేయండి.

ఇంకో దెబ్బ నెలన్నరకి తగిలింది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే మౌంటింగ్ చెయ్యి ఒకటి విరిగింది. పెరిగిన బలమంతా కేస్‌ని తిప్పేయాలని చూస్తుంది కదా. మౌంటింగులు గట్టివి వేయించి, అదనంగా ఒక సపోర్ట్ పెట్టించాక ఆ బాధ పోయింది. తర్వాత బలహీనమైన చోటు యాక్సిల్ షాఫ్ట్. అందుకే టైరు ఇరుక్కున్నప్పుడు ఎక్కువ రేస్ ఇవ్వను, కిందికి దిగి రాళ్లు సర్దుతాను.

హైవే మీద కొంచెం తేడా ఉంటుంది. నా సెట్‌తో హై రేంజ్ (మామూలు రోడ్డు మీద వాడేది) కూడా కాస్త నెమ్మదించింది. పలాస దాకా వెళ్తే ఇంజిన్ మునుపటికన్నా ఎక్కువ తిరుగుతున్నట్టు తెలుస్తుంది. రోజూ ఎన్‌హెచ్ 16 మీద దూరాలు తిరిగే బండైతే ఆలోచించుకోండి. లో రేంజ్ వేసేది మాత్రం బండి పూర్తిగా ఆగాకే. గట్టి తారు రోడ్డు మీద అసలు వాడొద్దు.

మీ బండి మోడల్, ట్రాన్స్‌ఫర్ కేస్ మీద చిన్న ప్లేటు ఉంటే దాని ఫోటో పెట్టండి. గేర్లదో గొలుసుదో చూసి చెప్తాను.