శనివారం వచ్చిన పదం పదిహేను రోజుల్లో ఎటు పోతోంది?

ప్రశ్న: మాస్టారూ, నేను ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. వారానికి 20 కొత్త పదాలు ఇస్తాను. పిల్లలు ఒక్కోటి పదిసార్లు రాసి, అర్థాలు బట్టీపట్టి, శనివారం టెస్టులో 18 మార్కులు తెచ్చుకుంటారు. పదిహేను రోజుల తర్వాత అదే పదం పాఠంలో వస్తే మొదటిసారి చూసినట్టు చూస్తారు. ఏం చెయ్యాలో తోచక టెన్షన్‌గా ఉంది. – ఒక టీచర్

జవాబు: అమ్మా, ఈ బాధ నేనూ చాలా ఏళ్లు పడ్డాను. ఒకసారి 'రిలక్టెంట్' అనే మాటకి 'ఇష్టం లేని' అని బోర్డు మీద అర్థం రాశాను. మర్నాడు ఒక పిల్లవాడు సొంతవాక్యం రాసుకొచ్చాడు: 'ఐ రిలక్టెంట్ మ్యాథ్స్'. వాడిని ఏమనను? నేనిచ్చిన అర్థాన్ని ఉన్నదున్నట్టు వాడాడు.

బోర్డు తుడిచేసి, చేతిలో సుద్దముక్క వాడికి అందించాను. వాడు పట్టుకున్నాక కూడా వదల్లేదు. వాడు లాగుతుంటే ఒక్కో వేలూ సడలించి, చివరికి ఇచ్చాను. 'సార్‌కి ఇవ్వాలని లేదు, అయినా ఇచ్చారు' అన్నారు వెనక బెంచీవాళ్లు. అదే రిలక్టెంట్ అన్నాను. మనసొప్పక వెనకాడటం. 'మీరెప్పుడు అలా వెనకాడారు?' అని అడిగితే ఒకమ్మాయి తమ్ముడికి కొత్త పెన్ను ఇచ్చిన సంగతి చెప్పింది. 'ఐ వాజ్ రిలక్టెంట్ టు గివ్ హిమ్ మై పెన్' అని అందరం కలిసి వాక్యం కట్టాం. పదాన్ని ఒంటరిగా కాకుండా 'రిలక్టెంట్ టు గివ్' అని దాని పక్కమాటలతో కలిపి ఇస్తే, ఎక్కడ ఎలా వాడాలో కూడా దాంతోనే వస్తుంది.

అయితే ఇంత బాగా చెప్పిన పదమైనా మళ్లీ తలుచుకోకపోతే జారిపోతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులు తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లోనే జోరుగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే మర్నాడే ఒకసారి అడగాలి. ఆపైన మూడు రోజులకి, వారానికి, మూడు వారాలకి అడగండి.

పదిసార్లు రాయించడం మాత్రం దయచేసి మానేయండి. రెండో వరస నుంచి చెయ్యి ఒక్కటే పనిచేస్తుంది. పై వరస చూసి కింద దించుతారు, అంతే. పుస్తకం మూసి, 'నిన్నటి మాట ఏంటి?' అని అడిగినప్పుడు పిల్లలు కళ్లు చిట్లించి వెతుక్కునే ఆ నాలుగు క్షణాలు ఎంతో విలువైనవి. వెంటనే అందించకండి. కాసేపు వెతకనివ్వండి.

నేను చీటీలు వాడేవాణ్ణి. ఒకవైపు పదం, రెండోవైపు ఖాళీ వదిలిన వాక్యం. క్లాసులో మూడు పెట్టెలు. వాక్యం చూసి పదం చెప్పగలిగితే చీటీ తర్వాతి పెట్టెలోకి, చెప్పలేకపోతే మళ్లీ మొదటి పెట్టెలోకి. మొదటి పెట్టె రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తెరిచేవాళ్లం. రోజుకి ఐదు నిమిషాలు చాలు. ఇది సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి.

ఇంకో మాట. 'బారో', 'లెండ్' లాంటి జంటలు ఒకే రోజు చెప్పకండి. అప్పు తీసుకోవడమేదో, ఇవ్వడమేదో జీవితాంతం తికమకపడేవాళ్లని చూశాను. ఒకటి బాగా కుదురుకున్నాక రెండు మూడు వారాలు ఆగి రెండోది చెప్పండి. పదం లోపలి ముక్కలు మాత్రం కలిపే చెప్పొచ్చు. 'పోర్ట్' అంటే మోయడం అని తెలిస్తే ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్ మూడూ ఒక్కసారే దొరుకుతాయి.

ఇక మీ 20 పదాల సంగతి. వాటిలో మిగతా సబ్జెక్టుల్లోనూ తరచూ తగిలే ఎనిమిదింటిని ఎంచుకోండి. మిగతావి పాఠం నడుస్తుండగా ఒక్క ముక్కలో చెప్పి సాగిపోండి. శనివారం టెస్టులో ఈ వారానివి ఐదు, పాత వారాలవి పది ఇవ్వండి. అర్థం రాయమనే ప్రశ్న తీసేసి, ఖాళీ పూరించే వాక్యాలు పెట్టండి. మొదటి నెల మార్కులు పడిపోతాయి, తల్లిదండ్రులు అడుగుతారు. వాళ్లకి ఆ చీటీల పెట్టె చూపించండి.