పాత జాంటియా ఆటోమేటిక్: వెనక గట్టిగా కొడుతోంది, గేర్లు కుదుపుతున్నాయి, అమ్మేయాలా?

మీరు ఫ్రాన్స్‌లో కొన్న 1999 సిట్రోయెన్ జాంటియాలో వెనక భాగం గట్టిగా కొడుతోందని, రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు కుదుపు వస్తోందని, డాష్‌బోర్డులో స్పోర్ట్, స్నో లైట్లు కలిసి మిణుకుతున్నాయని రాశారు. అప్పుడే అమ్మకండి. ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో ఇలాంటి కారునే ఏళ్లుగా నడుపుతున్నాను. ఈ రెండు సమస్యలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు, విడివిడిగా చూడాలి.

ముందు సస్పెన్షన్. ఇందులో కారును ఎత్తులో నిలిపేది ఆయిల్, మెత్తదనం ఇచ్చేది చక్రాల దగ్గరుండే లోహపు గోళాల్లోని నైట్రోజన్ గ్యాస్. గోళంలో ఆయిల్‌కూ గ్యాస్‌కూ మధ్య ఒక రబ్బరు పొర ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొర గుండా గ్యాస్ మెల్లగా తగ్గిపోతుంది. అందుకే గట్టిగా కొడుతోందంటే గోళాలను, రాత్రికి రాత్రే కిందికి దిగిపోతోందంటే లీకును అనుమానించాలి. ఇంజన్ నడుస్తుండగా వెనక మూలను రెండు చేతులతో నొక్కండి. సులువుగా దిగి లేస్తే పర్వాలేదు, బండలా ఉంటే గ్యాస్ అయిపోయినట్టే.

తర్వాత బానెట్ తెరిచి వినండి. ఈ ఆయిల్ ప్రెషర్‌ను అదుపులో ఉంచే ప్రెషర్ రెగ్యులేటర్ టిక్ మంటుంది. ఖాళీగా నడుస్తున్న ఇంజన్‌లో ఆ శబ్దం రెండు మూడు సెకన్లకోసారి వస్తుంటే ప్రెషర్‌ను నిల్వ ఉంచే అక్యుమ్యులేటర్ గోళం మార్చాల్సిందే. దీన్ని వాయిదా వేయకండి, జాంటియాలో బ్రేకులు కూడా ఈ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తాయి.

సస్పెన్షన్‌లో పోయాల్సింది ఎల్‌హెచ్‌ఎం అనే ఆకుపచ్చ హైడ్రాలిక్ ఆయిల్ మాత్రమే. మామూలు బ్రేక్ ఆయిల్ కొంచెం పోసినా సీళ్లు పాడవుతాయి. 2001లో వచ్చిన సిట్రోయెన్ సీ5లో వాడే ఎల్‌డీఎస్ అనే నారింజ రంగు ఆయిల్ కూడా ఇందులో పనికిరాదు. లెవెల్ చూసేటప్పుడు ఇంజన్ నడుస్తూ, కారు ఎత్తు మార్చే హైట్ లివర్ పూర్తిగా పైకి ఉండాలి. ఒక్కమాట దయచేసి గుర్తుంచుకోండి: స్టాండ్లు పెట్టకుండా ఈ కారు కింద ఎప్పుడూ దూరకండి. ప్రెషర్ పోతే కారు ఒక్కసారిగా కూర్చుంటుంది. గోళం విప్పే ముందు కూడా రెగ్యులేటర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి ప్రెషర్ తీసేయాలి.

(భారత్‌లో 2021లో వచ్చిన సీ5 ఎయిర్‌క్రాస్‌కు ఇవేవీ వర్తించవు. దానిలో ఉన్నవి మామూలు స్ప్రింగులు, హైడ్రాలిక్ కుషన్లు.)

ఇక గేర్‌బాక్స్. మీది ఏఎల్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ పెట్టె అయితే, ఆ రెండు లైట్లు కలిసి మిణికితే కంప్యూటర్ ఏదో లోపం పట్టుకుందన్నమాట. చాలాసార్లు తనను తాను కాపాడుకోవడానికి మూడో గేరులోనే ఉండిపోతుంది. నా కారుకు ఇదే వస్తే ఒక గ్యారేజీవాళ్లు గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివిస్తే గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్‌ను నియంత్రించే సోలినాయిడ్ వాల్వుల వైపు చూపించాయి. వాల్వులు, ఆయిల్ మార్చాక గేర్లు మెత్తగా పడుతున్నాయి. ఈ పెట్టెలో అందరూ ముందు అనుమానించేది ఆ వాల్వులనే. కాబట్టి లెక్సియా లాంటి సిట్రోయెన్ టూల్‌తో కోడ్లు చదివించకుండా ఎవరేం చెప్పినా డబ్బు పెట్టకండి.

గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం ఉంటుందన్న మాట నమ్మకండి. డిప్‌స్టిక్ లేదు కాబట్టి లెవెల్ చూడటానికి ఓపిక కావాలి: కారు సమతలంగా, ఇంజన్ నడుస్తూ, ఆయిల్ దాదాపు 60 డిగ్రీల దగ్గర ఉండాలి. కింద డ్రెయిన్ బోల్టు మధ్యలో ఉన్న చిన్న ప్లగ్గును మాత్రమే తీయండి. సన్నటి ధార చుక్కలుగా మారితే లెవెల్ సరిపోయింది. ఏమీ రాకపోతే ప్లగ్గు బిగించి, ఇంజన్ ఆపి, అర లీటరు పోసి మళ్లీ చూడండి. ఆయిల్ మార్చాక కంప్యూటర్‌లో ఆయిల్ అరుగుదలను లెక్కించే కౌంటర్‌ను కూడా అదే టూల్‌తో సరిచేయించండి.