తుపాకీ దించమనే ఆటలు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఫోన్ పట్టుకుని తుపాకుల ఆటలో మునిగిపోతాడు. మందలిస్తే, యుద్ధం తప్పని చెప్పే ఆటలు కూడా ఉన్నాయనీ, పోలండ్‌లో అలాంటి ఆటనొకదాన్ని బడి చదువులో పెట్టారనీ వాదిస్తున్నాడు. ఇది నిజమేనా, లేక నన్ను మభ్యపెడుతున్నాడా?
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. అయితే అతను రోజూ ఆడేదీ, మీకు ఉదాహరణగా చూపినదీ ఒక జాతి ఆటలు కావు. అతను చెప్పినది వార్సా నగరానికి చెందిన 11 బిట్ స్టూడియోస్ 2014లో విడుదల చేసిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ గురించి. పోలండ్ ప్రభుత్వం 2020లో దీన్ని ఉన్నత పాఠశాలల సిఫారసు జాబితాలో చేరుస్తున్నట్టు ప్రకటించింది. అది తప్పనిసరి పాఠం కాదు, పైగా పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థులకే ఉద్దేశించినది. ఈ సంగతి అతనికి కూడా చెప్పండి.

1992 నుంచి 1996 వరకు దాదాపు నాలుగేళ్లు శత్రు సేనల ముట్టడిలో మగ్గిన బోస్నియా రాజధాని సరయేవో నగరవాసుల అనుభవాలు ఈ ఆటకు ప్రేరణ. ఇందులో ఆడేవారు సైనికులు కారు. కూలిపోయిన ఇంట్లో తలదాచుకున్న మామూలు మనుషులు. పగలు బయటికి వస్తే మాటు వేసిన తుపాకీకి బలైపోతారు కనుక, చీకటి పడ్డాకే తిండికీ మందులకూ వెతుక్కుంటూ వెళ్లాలి. అలా వెళ్లే చోట్లలో ఒక వృద్ధ దంపతుల ఇల్లు ఉంటుంది. అల్మరాలో మందులుంటాయి, వంటింట్లో కాస్త తిండి ఉంటుంది. ముసలాయన తిరగబడడు, వద్దని బతిమాలుతూ వెంట వెంటే నడుస్తాడు. మన ఇంట్లో ఒకరు జబ్బుతో పడి ఉన్నారు కనుక మందులు తీసుకుని వచ్చేస్తాం. ఆ తర్వాత దొంగిలించిన మనిషి దిగులుతో కుంగిపోతాడు, తోటివారి మనసులూ విరిగిపోతాయి. ఎవరూ నీతి బోధించరు. చేసిన పని ఫలితం మాత్రం ఆ ఇంట్లోనే మన కళ్లెదుట ఉంటుంది. 1996 నవంబరు తుపాను తర్వాత ఉన్న కాస్త బియ్యాన్నీ మంచినీళ్లనూ ఇరుగుపొరుగుతో ఎలా పంచుకోవాలో తేల్చుకోవలసి వచ్చిన కోనసీమ పెద్దలకు ఈ ఇరకాటం విడమరచి చెప్పనక్కరలేదు.

సినిమాలో తప్పు చేసేది మరొకరు, మనం చూస్తాం. ఇక్కడ ఆ పని మన వేలితోనే జరుగుతుంది. అందుకే, నా దృష్టిలో, యుద్ధాన్ని నిరసించడానికి ఆటకున్న బలం మరే మాధ్యమానికీ లేదు. అయితే ఆ బలాన్ని న్యాయంగా వాడాలి. దుబాయ్ నేపథ్యంగా 2012లో వచ్చిన ‘స్పెక్ ఆప్స్: ది లైన్’లో మనుషులను కాల్చేసే తెల్ల భాస్వరం గుళ్లు కురిపించాక, ఆ కాలిన నేలమీదుగా నడిపించి, చనిపోయినవారిలో సామాన్య జనం ఉన్నారని చూపిస్తారు. ఆ ఘట్టం చూసినవారు మరచిపోలేరు. కానీ కథ ముందుకు సాగాలంటే ఆ గుళ్లు పేల్చక తప్పదు. వేరే దారి ఇవ్వకుండా చేయించి, ఆడినవాణ్ణే దోషిగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. ఈ రెండు ఆటలూ పెద్దలవే కనుక, మీ అబ్బాయి ఆడేటప్పుడు పక్కన కూర్చుని చూడండి. నిషేధించడం కన్నా అది మేలు చేస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో మూడు తరాలుగా సైన్యంలో పనిచేశాం. యుద్ధాన్ని తప్పుపట్టే ఆటలు సైనికులను కించపరచినట్టు కాదా?
– ఒక విశ్రాంత సైనికుడు, తాడేపల్లిగూడెం

జవాబు: కాదండీ. మీ పక్కనే ఉన్న మాధవరం మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషులను పంపుతూ వస్తున్న ఊరు. ఉత్తరం రాని ఇంట్లో రోజులెలా గడుస్తాయో అక్కడివారికి ఒకరు చెప్పాలా? ఆ యుద్ధంపైనే యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన ‘వేలియంట్ హార్ట్స్’ ఆనాటి సైనికుల ఉత్తరాల ప్రేరణతో తయారైంది. అందులో శత్రువులను కాల్చి మార్కులు పోగేసుకోవడం కాదు, చిక్కుముడులు విప్పడం, గాయపడినవారికి కట్టు కట్టడమే ప్రధానం. ఎమిల్ అనే ఫ్రెంచి రైతును సైన్యంలో చేర్చుకుంటారు. జర్మను అయిన అతని అల్లుణ్ణి ఫ్రాన్సు వెళ్లగొడితే, అతను ఎదుటి పక్షాన నిలవవలసి వస్తుంది. సైనికుణ్ణి ఇంత ఆత్మీయంగా చూపిన ఆటలు తక్కువ.

ప్రశ్న: ఎవరినీ చంపకుండా చివరిదాకా ఆడగలిగే ఆట ఉందా?
– ఒక విద్యార్థి, రాజోలు

జవాబు: ఉంది. టోబీ ఫాక్స్ 2015లో విడుదల చేసిన ‘అండర్‌టేల్’లో ఎదురైన ప్రతి ప్రాణినీ మాటలతో శాంతపరచి విడిచిపెట్టవచ్చు. చంపుతూ పోయినా ఆట సాగుతుంది, కానీ పాత్రలు మీతో మాట్లాడే తీరూ, ముగింపూ మారిపోతాయి. దెబ్బలు తప్పించుకుంటూ, ఎదుటివాడి మనసు తెలుసుకుంటూ ఆడటం కాల్చడం కన్నా కష్టం. మొదటిసారే ఆ దారిలో ప్రయత్నించండి.