బాత్రూమ్ గోడకి అతుక్కునే కప్ప, ఫోటోల్లోని ఎర్రకళ్ల చెట్టుకప్ప ఒకటేనా? శ్రీకాకుళంలో అది ఉంటుందా?

ఒకటి కాదు, ఎర్రకళ్ల చెట్టుకప్ప దక్షిణ మెక్సికో నుంచి కొలంబియా దాకా ఉన్న వర్షారణ్యాలది, మన గోడల మీద కనిపించేది భారతీయ చెట్టుకప్ప.

ఉద్దానం తోటలు అంత పచ్చగా ఉన్నాయి, ఇక్కడెందుకు ఉండదు అంటారు. పచ్చదనం ఒక్కటే సరిపోదు. ఆ కప్ప కుటుంబం పుట్టి పెరిగింది అమెరికా ఖండాల్లో. మధ్యలో సముద్రం. కప్పల పలచని చర్మం ఉప్పునీటిని తట్టుకోవడం కష్టం, ఈదుకుంటూ వచ్చే దారి లేదు. రెండిటికీ వేళ్ల చివర గుండ్రటి మెత్తలు ఉండటం వల్ల ఒకే జాతి అనిపిస్తుంది గానీ, చెట్లెక్కే బతుకు వల్ల ఆ మెత్తలు రెండిటికీ వేర్వేరుగా వచ్చాయి.

తేడా గుడ్ల దగ్గర బాగా తెలుస్తుంది. ఎర్రకళ్లది నీటి మీదకి వంగిన ఆకుకి జిగురు ముద్దగా గుడ్లు అతికిస్తుంది. పాము వచ్చి ముద్దని కొరికితే, ఆ కుదుపుకి కాస్త ఎదిగిన పిల్లలు గడువుకి ముందే గుడ్డు చీల్చుకుని బయటికొచ్చి టపటపా నీళ్లలో పడిపోతాయి! మనది మాత్రం వానాకాలంలో నీటి తొట్టి అంచునో, గుంట పక్క కొమ్మకో సబ్బు నురగలాంటి గూడు కడుతుంది. పైపొర ఎండినా లోపలి గుడ్లు తడిగానే ఉంటాయి.

చాలామందికి ఇంకో భయం, ఇది విషపు కప్పేమో అని. ఆ పేరు దక్షిణ, మధ్య అమెరికాల్లోని వేరే చిన్న కప్పలది. గోడ మీది గోధుమరంగు కప్ప పురుగుల్ని తింటుంది, మనిషికి హాని చేయదు. చీపురుతో కొట్టక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు.