కోచ్‌ని మార్చే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవెనలు.

మీ ఫుట్‌బాల్ క్లబ్బు కమిటీ కోచ్ గారిని తప్పించాలనుకుంటోందనీ, సెక్రటరీవి కాబట్టి ఆ మాట ఆయనకి నువ్వే చెప్పాలనీ మొన్న ఫోన్‌లో అన్నావు. "మావయ్యా, మాంచెస్టర్ యునైటెడ్ లాంటి క్లబ్బే ఇన్నిసార్లు మేనేజర్‌ని మార్చింది, విజయనగరంలో మనం మారిస్తే తప్పేటి?" అని కూడా అడిగావు. తప్పని నేననను. కోచ్‌ని మార్చే హక్కు కమిటీకి ఉంది, ఒక్కోసారి మార్చి తీరాలి కూడా. కానీ పీఈటీగా ఉన్నన్నాళ్ళూ, రిటైరయ్యాక కమిటీల్లో కూర్చున్నన్నాళ్ళూ నేను చూసింది ఒకటుంది. పాత కోచ్‌ని ఎలా పంపించారన్న దాంట్లోనే కొత్త కోచ్ జాతకం సగం తేలిపోతుంది. ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు యునైటెడ్ పేరెత్తావు కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడతాను. అలెక్స్ ఫెర్గూసన్ ఆ ఇంగ్లండు క్లబ్బుకి మేనేజర్‌గా, అంటే మన లెక్కలో కోచ్‌గా, 1986 నవంబరులో వచ్చాడు. మొదటి కప్పు గెలిచింది 1990లో. మొదటి లీగ్ టైటిల్‌కి 1993 దాకా ఆగాల్సొచ్చింది. మధ్యలో ఆయన్ని పొమ్మని స్టేడియంలో బ్యానర్ కట్టినవాళ్ళు కూడా ఉన్నారు. క్లబ్బు చలించలేదు. 2013లో దిగిపోయేనాటికి ఆయన లెక్కలో 13 లీగ్ టైటిళ్ళున్నాయి.

ఆయన కుర్చీలోకి డేవిడ్ మోయెస్ వచ్చాడు. ఆరేళ్ళ కాంట్రాక్టు రాసిచ్చి, పది నెలలకే, 2014 ఏప్రిల్ 22న పంపేశారు. మోయెస్‌కి చేతకాలేదని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేనలా అనుకోను. ఫెర్గూసన్ వెళ్ళిన వేసవిలోనే క్లబ్బు వ్యవహారాలన్నీ నడిపిన డేవిడ్ గిల్ కూడా తప్పుకున్నాడు. ఆయన చోట కూర్చున్న ఎడ్ వుడ్‌వర్డ్‌కి ఆటగాళ్ళని కొనే పనిలో అదే తొలి వేసవి. పెద్ద పెద్ద పేర్ల చుట్టూ తిరిగి, గడువు ముగిసే ఆఖరి రోజున ఫెలైనీ అనే ఆటగాణ్ణి తెచ్చుకుని సరిపెట్టుకున్నారు. ఇది చాలదన్నట్టు ఫెర్గూసన్ దగ్గర సహాయకులుగా చేసిన మైక్ ఫీలన్, రెనే మ్యూలెన్‌స్టీన్, గోల్‌కీపర్ల కోచ్ ఎరిక్ స్టీల్ ముగ్గురూ వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానాల్లోకి మోయెస్ తన పాత క్లబ్బు ఎవర్టన్ నుంచి తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. ఆ డ్రెస్సింగ్ రూమ్ గుట్టుమట్లు తెలిసినవాళ్ళు అంతమంది ఒకేసారి పోతే కొత్తవాడికి దారి చెప్పేదెవరు?

అందుకని నా మొదటి మాట: కోచ్‌ని మార్చినా మార్చకపోయినా, మీ దగ్గర అసిస్టెంటుగా చేస్తున్న కుర్రాణ్ణీ, గోల్‌కీపర్లని చూసుకునే ఆ పెద్దాయన్నీ కదపకండి. ఏ పిల్లాడికి మోకాలి నొప్పి పాతది, ఎవడు మధ్యాహ్నం తినకుండా గ్రౌండ్‌కి వస్తాడు, ఎవణ్ణి నలుగురిలో తిడితే మర్నాడు రాడు, ఇవన్నీ వాళ్ళకే తెలుసు. కొత్తగా వచ్చే ఆయన తన మనుషుల్ని తెచ్చుకుంటానంటే ఒకర్ని తెచ్చుకోమనండి, అంతే.

ఇక అసలు ప్రశ్న. మీరు ఓడిపోతున్నది కోచ్ వల్లేనా? మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి సంగతి నీకు చిన్నప్పుడు చెప్పేవాణ్ణి. ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. ఆ స్కోరు మీ కమిటీ ముందు పెడితే ఆయన్ని ఆ రాత్రే పంపేసి ఉండేవాళ్ళు. మనవాళ్ళలో చాలామంది ఆ చలిలో వట్టి కాళ్ళతో ఆడారు. ఆ తర్వాతే మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. అదే రహీం గారు 1956 మెల్‌బోర్న్‌లో జట్టుని నాలుగో స్థానంలో నిలబెట్టారు, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. హెల్సింకీలో లోపం కాళ్ళ దగ్గరుంది, కోచ్ దగ్గర కాదు.

మీ లోపం ఎక్కడుందో కమిటీ నిజాయితీగా చూసుకోవాలి. ఈ ఏడాది గ్రౌండ్ మీకు ఎన్ని సాయంత్రాలు దొరికింది? ఎగ్జిబిషన్ అనీ, సభ అనీ టెంట్లు వేసి, ఆ మేకుల గుంతలు పూడ్చకుండా వదిలేసిన రోజులెన్ని? నెల్లిమర్ల నుంచీ, చీపురుపల్లి నుంచీ వచ్చే పిల్లలు చివరి బస్సు కోసం ప్రాక్టీసు సగంలో వదిలి పరిగెత్తడం నా కళ్ళతో చూశాను. గాలి నిలవని బంతులతో ఆయన షూటింగ్ నేర్పిస్తుంటే కూడా చూశాను. కొత్త బంతులు అడిగితే ట్రెజరర్ గారు ఎన్ని నెలలు తిప్పారో నీకూ తెలుసు. అవన్నీ వదిలేసి కోచ్ మీద పడితే అది అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే.

నెదర్లాండ్స్ ఆర్థికవేత్తలు తమ లీగ్‌ మీద లెక్కలు తీశారు. వరసగా ఓడి కోచ్‌ని మార్చిన జట్లనీ, అలాగే ఓడి కూడా మార్చని జట్లనీ పక్కపక్కన పెట్టి చూశారు. మార్చినవాళ్ళు కోలుకున్నారు, నిజమే. మార్చనివాళ్ళూ అంతే కోలుకున్నారు. మరీ కిందకి పడిన జట్టు ఎలాగూ కొంత పైకి లేస్తుంది, ఆ పేరు కొత్తగా వచ్చినవాడికి దక్కుతుంది. మీటింగ్‌లో ఈ మాట తప్పకుండా చెప్పు.

అయితే ఒక్క విషయంలో ఈ నెమ్మది పనికిరాదు. పిల్లల మీద చెయ్యి చేసుకున్నా, ఆడపిల్లలతో తేడాగా మాట్లాడినా, సెలక్షన్‌కి డబ్బు అడిగినా ఆ మనిషి మర్నాడు గ్రౌండ్‌లో కనపడకూడదు. దానికి మీటింగూ అక్కర్లేదు, నోటీసూ అక్కర్లేదు. పోలీసులకి చెప్పాల్సిన సంగతైతే చెప్పి తీరాలి, "క్లబ్బు పరువు" అని ఎవడైనా అడ్డొస్తే వాణ్ణి కూడా బయటికి పంపు. మీ కోచ్ గారి మీద అలాంటి మాట ఏదీ లేదన్నావు కాబట్టి మిగతాది రాస్తున్నాను.

అన్నీ ఆలోచించాక కూడా మార్చాల్సిందే అని తేలిందనుకో. ఎలా చెప్పాలి అన్నది ఇప్పుడు చూడు. చాలా ఏళ్ళ కిందట మన ప్రాంతంలోనే ఒక క్లబ్బులో జరిగింది. కోచ్ మాస్టారు ఎప్పట్లాగే సైకిల్ మీద వచ్చారు. హ్యాండిల్‌కి బంతుల వల సంచీ, వెనక క్యారియర్ మీద గీతలు గీసే సున్నం పొట్లం. గేటు దగ్గర టీ కొట్టతను "ఏటి మాస్టారూ, రేపట్నించి రారంట కదా?" అనేశాడు. ఆయన లోపలికొచ్చేసరికి ఇంకో మనిషి మెడలో విజిల్ వేసుకుని పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. రోజూ దూరం నుంచే "గుడీవినింగ్ సార్" అని అరిచే పిల్లలు ఎవరికి చెప్పాలో తెలీక నేలచూపులు చూశారు. మాస్టారు ఒక్క మాట అనలేదు. సంచీ విప్పి బంతులన్నీ లెక్కపెట్టి కెప్టెన్ పిల్లాడికి అప్పజెప్పి, సున్నం పొట్లం గోల్‌పోస్ట్ పక్కన పెట్టి, సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చిన కోచ్ మంచివాడు, ఆట కూడా ఆయనకన్నా బాగా తెలిసినవాడు. అయినా ఆ పిల్లలు అతణ్ణి నమ్మలేదు. ఈ కమిటీ రేపు మనల్నీ ఇలాగే పంపేస్తుంది అని వాళ్ళకి ఆ సాయంత్రమే అర్థమైపోయింది. ఏడాది తిరక్కుండా అతనూ వెళ్ళిపోయాడు.

పెద్ద క్లబ్బులూ ఇందులో మనకన్నా మెరుగేమీ కాదు. మోయెస్‌ని తీసేస్తున్నారన్న వార్త క్లబ్బు ప్రకటించడానికి ముందురోజే మీడియాలో వచ్చేసింది. తర్వాత యునైటెడ్ మేనేజరైన లూయీ వాన్ గాల్ 2016 మే 21న ఎఫ్‌ఏ కప్ గెలిస్తే, ఆ సాయంత్రమే ఆయన స్థానంలోకి మౌరిన్హో వస్తున్నాడని బయటికొచ్చింది. రెండు రోజులకి పంపేశారు. ఆ పద్ధతి నువ్వు నేర్చుకోకు. ప్రెసిడెంటు గారిని వెంటబెట్టుకుని పగటిపూట ఆయన ఇంటికి వెళ్ళు. వాట్సాప్ గ్రూపులో ఒక్క అక్షరం పడక ముందే వెళ్ళు. ఇంట్లో వాళ్ళ ఎదురుగా కాకుండా, అరుగు మీదో డాబా మీదో కూర్చుని రెండు ముక్కల్లో చెప్పు. తప్పుల జాబితా చదవకు. "నాకిష్టం లేదు సార్, కమిటీ వాళ్ళే" అని మాత్రం అనకు. కమిటీ నిర్ణయం నీది కూడా. ఆయన కోప్పడితే పడనీ. పాతికేళ్ళ కుర్రాళ్ళ ముందు తలవంచుకోవాల్సొచ్చిన మనిషికి ఆ మాత్రం కోపం రావాలి.

వెళ్ళేటప్పుడు కవరు పట్టుకెళ్ళు. ఆయనకి రావాల్సిన గౌరవ వేతనం, బస్సు ఛార్జీలు, చేతి నుంచి పెట్టి కొన్న ఫస్ట్ ఎయిడ్ సామాను, అన్నీ లెక్కకట్టి ఆ రోజే ఇచ్చెయ్యాలి. మన జాతీయ జట్టు విషయం చూశావు కదా. కోచ్ ఇగోర్ స్టిమాచ్‌కి 2023లో కాంట్రాక్టు పొడిగించి, 2024 జూన్‌లో తప్పించారు. మిగిలిన జీతం మీద గొడవ రచ్చకెక్కి, ఆఖరికి ఫెడరేషన్ డబ్బు కట్టి తెంచుకోవాల్సొచ్చింది. మనలాంటి చోట రచ్చ ఫిఫా దాకా పోదు, మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర మొదలై మీ ఇంటి గుమ్మం దాకా వస్తుంది.

టైము విషయం. 2018 ప్రపంచ కప్‌లో మొదటి మ్యాచ్‌కి రెండు రోజుల ముందు స్పెయిన్ తన కోచ్ లోపెతెగీని తీసేసింది. 2021లో టాటెన్‌హామ్ వాళ్ళు లీగ్ కప్ ఫైనల్ ఆరు రోజులుందనగా మౌరిన్హోని పంపి, 29 ఏళ్ళ ర్యాన్ మేసన్ చేతిలో జట్టుని పెట్టారు. ఫైనల్ ఓడిపోయారు. మీకు సంక్రాంతి టోర్నమెంటు ఉంది. మార్చేదైతే సిరిమానోత్సవం అయిన వారంలోనే మార్చండి, లేకపోతే సంక్రాంతి అయ్యేదాకా ఆ ఊసెత్తకండి.

కొత్త కోచ్‌ని వెతికే ముందు మీకేం కావాలో ఒక అరపేజీ రాసుకోండి. ఉన్న పిల్లలు ఎలాంటివాళ్ళు, వాళ్ళకి ఏ ఆట నప్పుతుంది, ఏడాదిలో ఏం ఆశిస్తున్నారు. యునైటెడ్ 2024లో ఈ పనే చెయ్యలేదు. మేలో అప్పటి మేనేజర్ టెన్ హాగ్ కప్పు గెలిస్తే, వేరేవాళ్ళతో మాట్లాడి, మళ్ళీ ఆయనకే జులైలో కాంట్రాక్టు పొడిగించి, అక్టోబరు 28న తీసేశారు. వెంటనే రూబెన్ అమోరిమ్ కోసం, అప్పుడాయన కోచ్‌గా ఉన్న పోర్చుగల్ స్పోర్టింగ్ క్లబ్బుకి 1.1 కోట్ల యూరోలు కట్టారు. అమోరిమ్ ముగ్గురు డిఫెండర్లతో ఆడించే మనిషి, జట్టేమో నలుగురి ఆటకి కూర్చింది. ఆ సీజన్ లీగ్‌లో 15వ స్థానం. పటియాలా ఎన్‌ఐఎస్ డిప్లొమా ఉందా, ఫెడరేషన్ లైసెన్స్ ఉందా అన్నది చూడాలి, కాదనను. కానీ ఇంటర్వ్యూ గదిలో కాకుండా గ్రౌండ్‌లో ఒక సాయంత్రం మీ పిల్లలతో ప్రాక్టీసు చేయించి చూడండి. బెంచీ మీద కూర్చునే పిల్లాడితో ఎలా మాట్లాడతాడో దాన్నిబట్టి నాకు సగం తెలిసిపోతుంది.

వచ్చినాయనకి ఎంతకాలం ఇస్తున్నారో కాగితం మీద రాయండి, రాసినదానికి నిలబడండి. ఆర్సెనల్‌లో ఆర్టెటా 2019 డిసెంబరులో వచ్చాడు. వరసగా రెండు సీజన్లు ఎనిమిదో స్థానం. మూడో సీజన్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోలూ కొట్టకుండా పట్టికలో అట్టడుగున కూర్చున్నారు. అప్పుడు తీసేసి ఉంటే ఎవరూ ప్రశ్నించేవాళ్ళు కాదు. ఉంచారు. 2022-23 నుంచి వరసగా మూడేళ్ళు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచారు. లివర్‌పూల్ వాళ్ళ పద్ధతి నాకు ఇంకా నచ్చింది. అక్కడి మేనేజర్ క్లాప్ తాను వెళ్తున్నానని 2024 జనవరిలోనే చెప్పాడు, క్లబ్బుకి వెతుక్కునే వ్యవధి దొరికింది. చివరి మ్యాచ్ రోజున తన తర్వాత రాబోయే స్లాట్ పేరుని ప్రేక్షకుల చేత తానే పాడించాడు. ఆ జట్టుతోనే, పెద్దగా ఎవర్నీ కొనకుండానే, స్లాట్ మరుసటి సీజన్‌లోనే లీగ్ గెలిచాడు.

చివరిగా పాతాయన గ్రౌండ్‌కి వస్తే ఏం చెయ్యాలన్నది. వస్తారు, అలవాటు ఊరికే పోదు. 1974లో బిల్ శాంక్లీ లివర్‌పూల్ వదిలేశాక కూడా ప్రాక్టీసుకి వచ్చేవాడు. ఆటగాళ్ళు ఆయన్నే బాస్ అని పిలుస్తుంటే కొత్త మేనేజర్ పైస్లీకి ఇబ్బందిగా ఉండేది. ఆ పైస్లీయే తర్వాత మూడు యూరోపియన్ కప్పులు గెలిచాడు. మీ కోచ్ గారికి ముందే ఒక పని అప్పజెప్పండి: ఆదివారాలు చిన్నపిల్లల బ్యాచ్, లేదా టోర్నమెంట్ కమిటీలో చోటు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. అడగడం మీ వంతు.

వచ్చే ఆదివారం పాసింజర్‌కి నేను విజయనగరం వస్తున్నాను. మీటింగ్ ఆ తర్వాత పెట్టుకోండి. ఆలోగా గ్రౌండ్ దొరకని రోజుల లెక్కా, బంతుల బిల్లులూ, ఆయనకి ఇవ్వాల్సిన బాకీ చిట్టా తీసి పెట్టు. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య